పద్యాన్ని విప్పి చూడటం ఎలా: ఒక ఆటవెలది, రెండు వృత్తపాదాలు

చెన్నై వెస్ట్ మాంబళంలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద ఆదివారం పొద్దున పిల్లలకు తెలుగు చెబుతుంటాను. వాళ్లు బళ్లో చదివేది తమిళం, ఇంట్లో మాట్లాడేది తెలుగు, వాట్సాప్‌లో రాసేది ఇంగ్లీషు అక్షరాలు. పద్యం అనగానే అందరికీ ఒకటే టెన్షన్: "అంకుల్, ఇది ఏ ఛందస్సు?"

ఆ ప్రశ్న ముందు అడగకూడదు. ముందే పేరు పెట్టేసుకుంటే, ఆ పేరుకు సరిపడేలా గణాల్ని (పొట్టి, పొడుగు అక్షరాల చిన్న గుంపుల్ని) లాగీ పీకీ కూర్చోబెడతాం. చాలాకాలం నేనూ అదే చేశాను. పద్యాన్ని చెవితో పట్టుకుని, అక్షరం అక్షరం తూకం వేసుకుంటూ పోతే పేరు దానంతటదే బయటపడుతుంది. ఎక్కడైనా లెక్క కుదరకపోతే కవిని అనుమానించేముందు మన చేతిలో ఉన్న కాగితాన్నీ మన నోటినీ అనుమానించాలి. నా అనుభవంలో పదింట తొమ్మిదిసార్లు తప్పు అక్కడే దొరికింది.

పెద్ద కవుల పద్యాలు అందరికీ ఎలాగూ కంఠతా వచ్చు కాబట్టి వాటి జవాబులు ముందే తెలిసిపోతాయి. అందుకని మెరీనాలో నడుస్తూ నేనే అల్లుకున్న ఒక చిన్న పద్యాన్ని బల్ల మీద పెడతాను. గొప్పదని కాదు, కోసి చూడటానికి పనికొస్తుందని.

కడలి యొడ్డు మీద కాగితం పడవలా
తెలుగు మాట యొకటి తేలి వచ్చె
తల్లి పిలిచినట్టు దారిలో నిలిచితిన్
ఉప్పుగాలి నాకు కప్పు కాఫి

మొదట పాఠం సరిచూసుకోండి

పద్యాన్ని చేత్తో రాసుకోండి. పాదానికీ పాదానికీ మధ్య రెండు గీతల ఖాళీ వదలండి, గుర్తులు పెట్టాలి కదా. ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చిన పద్యాన్ని అలాగే పెట్టుకుని గణాలు కట్టడానికి కూర్చోకండి. అందులో 'కడలి'లో క పొట్టిదో పొడుగుదో తెలియదు, 'యొడ్డు'లో ఒత్తు ఉందో లేదో ఒక్కోసారి తెలియదు. ఛందస్సంతా నిలబడేది ఆ రెండింటి మీదే.

తర్వాత రెండుసార్లు పైకి చదవండి. మొదటిసారి అర్థం కోసం, రెండోసారి అర్థం పక్కనపెట్టి ఒట్టి చప్పుడు కోసం. చెన్నై పిల్లలకు ఇక్కడొక చిక్కు ఉంది. తమిళంలో పదం మధ్యలోనో చివరో వచ్చే 'ఐ'ని కుదించి పలుకుతారు. దానికి ఐకారక్కుఱుక్కం అని వాళ్ల వ్యాకరణంలో పేరు కూడా ఉంది. మనకు ఆ సర్దుబాటు లేదు. తెలుగు పద్యంలో 'చెన్నై' అంటే రెండూ గురువులే.

గురువు, లఘువు

రెప్పపాటు కాలంలో పలికేది లఘువు, దానికి రెట్టింపు పట్టేది గురువు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నోటుబుక్కులో లఘువుకు నిలువు గీత, గురువుకు దోనె ఆకారం పెడతాం. ఇక్కడ మాత్రం 'ల', 'గ' అని రాస్తాను.

గురువయ్యేవి ఇవి: దీర్ఘాచ్చు ఉన్నది (కా, తే), ఐ, ఔలు ఉన్నది, పక్కన నిండు సున్న ఉన్నది (తం), విసర్గ ఉన్నది, పొల్లుహల్లును మోస్తున్నది (తిన్), ఇంకా ద్విత్వానికో సంయుక్తానికో ముందున్నది (యొడ్డులో యొ, తల్లిలో త). ఒత్తున్న అక్షరం గురువు కాదు, దాని ముందుది గురువు. 'ఉప్పు'లో ప్పు మీద దోనె గుర్తు పెట్టేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు.

మూడు చోట్ల జాగ్రత్త. వట్రసుడి ఒత్తు కాదు, కాబట్టి 'అమృతం'లో అ లఘువే. అరసున్న తూకం పెంచదు. మూడోది కొంచెం లోతైనది: వేరు వేరు తెలుగు పదాల మధ్య వచ్చే సంయుక్తం ముందు అక్షరాన్ని గురువు చేయదు. 'అది ప్రేమ' అంటే ది లఘువే, 'అది' దగ్గర ఊపిరి విడిపోతుంది. అదే సంస్కృత సమాసమైతే ఊపిరి విడవదు. 'మాతృప్రేమ'లో తృ గురువైపోతుంది.

ఇప్పుడు మన పద్యానికి గుర్తులు పెడదాం. గణాల గీతలు కూడా గీశాను, ఎందుకు అక్కడే గీశానో కిందికొచ్చాక చెబుతాను.

కడలి | యొడ్డు | మీద | కాగితం | పడవలా
లలల | గల | గల | గలగ | లలలగ

తెలుగు | మాట | యొకటి | తేలి | వచ్చె
లలల | గల | లలల | గల | గల

తల్లి | పిలిచి | నట్టు | దారిలో | నిలిచితిన్
గల | లలల | గల | గలగ | లలలగ

ఉప్పు | గాలి | నాకు | కప్పు | కాఫి
గల | గల | గల | గల | గల

ఏ జాతి పద్యమో పసిగట్టడం

గుర్తులు పెట్టగానే గణాల మీద పడకండి. ముందు అక్షరాలు లెక్కపెట్టండి. నాలుగు పాదాల్లోనూ అక్షరాల సంఖ్య ఒకటే అయి, గురులఘువుల వరస కూడా ఒకటే అయితే అది వృత్తం. మన పద్యంలో 14, 12, 14, 10 అక్షరాలు. కాబట్టి వృత్తం కాదు, జాతో ఉపజాతో (మాత్రల మీదో, సూర్య, ఇంద్ర గణాల మీదో నడిచే పద్యం) అయ్యుండాలి.

అప్పుడు మాత్రలు లెక్కపెట్టండి. మనకు 19, 15, 19, 15 వచ్చాయి. ఇక్కడ ఒక చిట్కా ఉంది. సూర్యగణాలు రెండే: న (లలల), హ (గల). రెండూ మూడేసి మాత్రలే. ఇంద్రగణాలు ఆరు: నల (లలలల), నగ (లలలగ), సల (లలగల), భ (గలల), ర (గలగ), త (గగల). వీటిలో నలం, భగణం నాలుగు మాత్రలవి, మిగతావి అయిదు మాత్రలవి. ఆటవెలదిలో రెండు, నాలుగు పాదాలు అయిదు సూర్యగణాలు కాబట్టి అవి ఎప్పుడూ కచ్చితంగా 15 మాత్రలే. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, అంటే 17 నుంచి 19. తేటగీతిలో ప్రతి పాదం ఒక సూర్యుడు, ఇద్దరు ఇంద్రులు, మళ్లీ ఇద్దరు సూర్యులు, కాబట్టి నాలుగూ 17–19 మధ్యే. కందమైతే 12, 20, 12, 20. ఈ అంకెలు చూస్తే చాలు, సగం పని అయిపోతుంది.

అయినా మొదటి పాదం ఒక్కటే దొరికిందనుకోండి, 19 మాత్రలు తేటగీతికీ కుదురుతాయి కదా? వేసి చూద్దాం. మొదట సూర్యగణం 'కడలి'. తర్వాత ఇంద్రగణం కావాలి. గ-ల-గ-ల అని నడుస్తోంది కాబట్టి రగణం ఒక్కటే దారి: 'యొడ్డుమీ'. ఆ తర్వాత 'ద కా', అంటే ల-గ. ఆరు ఇంద్రగణాల్లో ఏదీ ల-గ తో మొదలవదు. దారి మూసుకుపోయింది. తేటగీతి కాదు, ఆటవెలదే. పైన గీతలు అక్కడ గీసింది అందుకే. గణ విభజన అంటే ఊహించడం కాదు, ఇలా సందుల్లో నడిచి తెరుచుకున్న దారి పట్టుకోవడం.

మిగతావి చకచకా. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. సీసపాదం ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలతో రెండు భాగాలుగా నడుస్తుంది, నాలుగు పాదాలయ్యాక కింద ఆటవెలదో తేటగీతో తోక ఉంటుంది. కందానికి గగ, భ, జ (లగల), స (లలగ), నల అనే నాలుగు మాత్రల గణాలే వాడతారు. బేసి పాదంలో మూడు, సరి పాదంలో అయిదు. అర్ధభాగంలోని ఎనిమిదింటిలో బేసి స్థానంలో జగణం రాకూడదు, ఆరోది నలమో జగణమో కావాలి, ఎనిమిదోదాని చివర గురువు ఉండాలి. కందం రాసినవాడే కవి అని ఊరికే అనలేదు.

వృత్తమైతే

యమాతారాజభానసలగం. ఈ ఒక్క మాట గుర్తుంటే ఎనిమిది గణాలూ వచ్చినట్టే. ఏ గణం కావాలో ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడక్షరాలు తీసుకోండి. భగణం కావాలా? భా-న-స: గలల. రగణమా? రా-జ-భా: గలగ.

ఎక్కువగా ఎదురయ్యే నాలుగు వృత్తాల్ని మొదటి మూడక్షరాలతోనే పోల్చుకోవచ్చు. గలల అయితే ఉత్పలమాల (భ ర న భ భ ర వ, 20 అక్షరాలు, 10వ అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో చెలిమి చేయాల్సిన చోటు). లలల అయితే చంపకమాల (న జ భ జ జ జ ర, 21, 11వది). గగగ అయితే శార్దూలం (మ స జ స త త గ, 19, 13వది). లలగ అయితే మత్తేభం (స భ ర న మ య వ, 20, 14వది). ఇందులో చివరి వ అంటే లగ, చివరి గ అంటే ఒక్క గురువు.

ఈ నాలుగూ రెండు జంటలు. ఉత్పలమాల మొదటి గురువును విరిచి రెండు లఘువులు చేస్తే చంపకమాల, శార్దూలాన్ని అలాగే విరిస్తే మత్తేభం. చేసి చూపిస్తాను.

చెన్నపురంబులో వినిన చిక్కని తెల్గు పదాల తీపియే

చెన్నపు | రంబులో | వినిన | చిక్కని | తెల్గుప | దాలతీ | పియే. గలల, గలగ, లలల, గలల, గలల, గలగ, లగ. ఉత్పలమాల. గణం గీతలు పదాల్ని ఎలా అడ్డంగా కోశాయో చూడండి. 'దాలతీ' అనే మాట ఏ నిఘంటువులోనూ ఉండదు. వృత్తాల్లో ఇది మామూలే, పదం ఎక్కడ ముగుస్తుందో గణానికి పట్టదు. ఇప్పుడు 'చె' బదులు రెండు లఘువులు వచ్చేలా తిప్పుదాం.

మన మదరాసులో వినిన మంచి తెలుంగు పదాల తీపియే

మనమ | దరాసు | లోవిని | నమంచి | తెలుంగు | పదాల | తీపియే. న జ భ జ జ జ ర. చంపకమాల. గణాల పేర్లు పూర్తిగా మారిపోయాయి, పాట మాత్రం అదే. రెండూ పక్కపక్కన పైకి చదివితే రెండోది ఒక చిన్న అడుగు ఎక్కువ వేసి మొదలైనట్టుంటుంది, అంతే. పిల్లలకు ఈ ఒక్కటి చూపించాక గణాల పట్టిక అంటే భయం పోతుంది.

యతి, ప్రాస: తమిళం ఇక్కడ పనికొస్తుంది

ప్రాస అంటే పాదాల్లో రెండో అక్షరంలోని హల్లు ఒకటే కావడం అని చెబుతుంటే, తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మధ్యలో ఆపింది: "అంకుల్, ఇది ఎదుగై కదా!" అవును, తమిళ పద్యంలో ప్రాస అదే. తిరుక్కురళ్ మొదటి కురళ్‌లో ఒక పాదం 'అగర' అని, రెండోది 'పగవన్' అని మొదలవుతాయి. రెండో అక్షరం గ. తమిళంలో మొదటి అక్షరాలు రెండూ పొట్టివో రెండూ పొడుగువో అయ్యుండాలి. మనకూ అంతే, ప్రాస ముందు అక్షరం మొదటి పాదంలో గురువైతే అన్నిటా గురువే, లఘువైతే లఘువే. వృత్తాలకు, కందానికి ప్రాస తప్పనిసరి. ఆటవెలదికి, తేటగీతికి అక్కర్లేదు. మన పద్యంలో రెండో అక్షరాలు డ, లు, ల్లి, ప్పు. ప్రాస లేదు, తప్పూ లేదు.

యతికి వాళ్ల దగ్గర చుట్టం మోనై. పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒకచోట మరో అక్షరం చెలిమి చేయాలి. సంస్కృతంలో యతి అంటే ఊపిరి ఆపే చోటు, తెలుగులో అది అక్షరమైత్రి. అచ్చుల గుంపులు రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే: అ ఆ ఐ ఔ ఒక గుంపు, ఇ ఈ ఎ ఏ ఇంకొకటి (మనం ఋ కూడా ఇందులో కలుపుతాం), ఉ ఊ ఒ ఓ మూడోది. హల్లుల దగ్గరే దారులు వేరవుతాయి. తమిళంలో చ–త, మ–వ చుట్టాలు. మనకు కాదు. మన గుంపులు ముఖ్యంగా క ఖ గ ఘ, చ ఛ జ ఝ శ ష స, ట ఠ డ ఢ, త థ ద ధ, ప ఫ బ భ వ. తమిళం బాగా వచ్చిన పిల్లలు త–చ చూసి యతి కుదిరిందని టిక్ పెడతారు, అక్కడ ఆపాలి.

హల్లు ఒక్కటే కుదిరితే చాలదు, దాని మీది అచ్చు కూడా అదే గుంపులో ఉండాలి. క–కా కుదురుతుంది, క–కి కుదరదు. ఆటవెలదిలో యతి నాలుగో గణం మొదటి అక్షరం. చూద్దాం: క–కా, సరే. తె–తే, సరే. మూడో పాదంలో త–దా, వేర్వేరు అక్షరాలే అయినా ఒకే గుంపు, అచ్చులూ అ–ఆ, కాబట్టి సరే. నాలుగో పాదంలో ఉ–క. ఇక్కడ ప్రతి ఆదివారమూ "తప్పు!" అని అరుపులు వినిపిస్తాయి. తప్పు కాదు. ఆటవెలది, తేటగీతి, సీసాల్లో యతి బదులు ప్రాసయతి వేయొచ్చు. అంటే రెండు చోట్లా రెండో అక్షరం కలిస్తే చాలు: ఉప్పు–కప్పు. వృత్తాల్లో, కందంలో ఈ వెసులుబాటు లేదు.

ఇంకో మెలిక: యతిస్థానంలో అచ్చుసంధి జరిగితే సాధారణంగా రెండో పదం మొదటి అచ్చునే చూడాలి. 'నేనలసి' (నేను + అలసి) యతి దగ్గర వస్తే అక్కడ వెతకాల్సింది న కాదు, అ.

తెల్లదొర సి.పి. బ్రౌన్ 1827లోనే ఈ మద్రాసులో తెలుగు ఛందస్సు మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చు వేయించాడు. గురులఘువులు నేర్చుకోవడానికి ఆయనకు లేని సిగ్గు మనకెందుకని పిల్లల్ని ఆటపట్టిస్తుంటాను.

లెక్క తప్పితే ఏం చేయాలి

ఈ పద్యాన్ని ఒక వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వ్యాకరణం బాగా తెలిసిన పెద్దాయన ఒకరు దిద్ది తిరిగి పంపారు: "కాగితం పడవ ఏమిటండీ, కాగితపు పడవ అనాలి." వ్యాకరణం ప్రకారం ఆయన మాటే సబబు. కానీ తూకం వేయండి. 'కాగిత' గలల, భగణం, బాగానే ఉంది. మిగిలింది 'పు పడవలా': లలలలగ. అయిదక్షరాల ఇంద్రగణం లేదు. పాదం విరిగింది. అదే ఆయన 'యొడ్డు'ని 'ఒడ్డు' అని దిద్ది ఉంటే తూకంలో ఏ మార్పూ ఉండేది కాదు. 'కాఫి'ని 'కాఫీ' అని దిద్దితే మళ్లీ విరుగుతుంది, గగ సూర్యగణం కాదు.

పాత పద్యాలకూ ఇలాంటి మంచి మనసున్న దిద్దుబాట్లే ఎక్కువ హాని చేస్తాయి. అందుకని గణం కుదరకపోతే ఈ వరసలో వెతకండి: దీర్ఘం పోయిందా, ఒత్తు పోయిందా, సున్న అరసున్నదా నిండుదా, సంధి విడగొట్టి అచ్చు వేశారా, ఎవరైనా వాడుక మాటలోకి మార్చారా. ఇన్నీ చూశాకే మరో ప్రతి వెతకండి.

అలంకారాల దగ్గర తొందర వద్దు

ముందు అన్వయం రాయండి. పద్యాన్ని మామూలు వాక్యంగా విప్పి, ఎవరు, ఏం చేశారు, దేనితో పోలిక అని తేల్చుకోండి. అర్థం తేలకుండా అలంకారం పేరు రాయడమంటే మనిషిని చూడకుండా పెళ్లిచూపుల రిపోర్టు రాయడమే.

'కాగితం పడవలా తెలుగు మాట తేలి వచ్చె'. ఉపమేయం తెలుగు మాట, ఉపమానం కాగితం పడవ, ఉపమావాచకం 'లా', సమానధర్మం తేలి రావడం. నాలుగూ ఉన్నాయి కాబట్టి పూర్ణోపమ. ఒకటి తగ్గినా లుప్తోపమ అవుతుంది. పాత పద్యాల్లో 'లా' కనిపించదు. వలె, పోలె, పగిది, కరణి, భంగి లాంటివి వెతకండి.

'తల్లి పిలిచినట్టు నిలిచితిన్' దగ్గర పిల్లలు మళ్లీ ఉపమ అంటారు. తెలుగులో 'అట్టు' రెండు పనులూ చేస్తుంది కాబట్టి వాచకాన్ని చూసి తీర్పు చెప్పలేం. నేను ఒక ప్రశ్న వేసుకుంటాను: ఇక్కడ రెండు వస్తువుల్ని పక్కపక్కన పెట్టి పోలుస్తున్నాడా, లేక జరగనిదాన్ని జరిగినట్టు ఊహిస్తున్నాడా? తల్లి అక్కడ లేదు, పిలవలేదు. పిలిచిందేమోనన్నంతగా కాలు ఆగింది. ఊహే ప్రధానం కాబట్టి నేను ఉత్ప్రేక్ష అంటాను. పోలికే అని వాదించేవాళ్లూ ఉంటారు. వాళ్లు కారణం రాస్తే మార్కులు వేస్తాను, ఒట్టి పేరు రాస్తే వేయను.

నాలుగో పాదంలో 'లా' కూడా లేదు. ఉప్పుగాలే కప్పు కాఫీ. రెంటికీ భేదం లేదని చెబుతున్నాడు కాబట్టి రూపకం.

శబ్దాలంకారాలకు వస్తే, తెలుగు, తేలి, తల్లి అని త–ల జంట మూడుసార్లు చెవికి తగులుతుంది. దాన్ని వృత్త్యనుప్రాస అనడానికి నేను జంకుతాను. ఒకే హల్లు పాదమంతా మోగితే తప్ప ఆ పేరు పెట్టను. 'ఉప్పు–కప్పు' అంత్యానుప్రాస కాదు, పాదాల చివర లేదు. ఏ పేరూ కుదరకపోతే ఏం వినిపించిందో మామూలు మాటల్లో రాయండి.

చివరి పని: తూకాన్ని అర్థంతో కలపడం

గణాలు, యతి, అలంకారం మూడు పేరాల్లో విడివిడిగా రాసేసి ఆపేస్తారు చాలామంది. అసలు రుచి వాటిని కలిపినప్పుడే ఉంటుంది. ఉదాహరణకు మూడో పాదం చివరి మాట. ఛాందసులు 'నిలిచితిన్' తర్వాత 'ఉప్పు' వచ్చింది కాబట్టి సంధి చేయమంటారు: 'నిలిచితి / నుప్పుగాలి నాకు'. చేసి తూకం వేయండి. 'తి' లఘువవుతుంది, నగం పోయి నలం వస్తుంది. అదీ ఇంద్రగణమే. 'నుప్పు' గల, సూర్యగణమే. నుప్పు–కప్పు ప్రాసయతీ చెడలేదు. లెక్క రెండు విధాలా ఒప్పుకుంది.

అప్పుడు ఏది ఉంచాలి? రెండూ పైకి చదవండి. 'నిలిచితిన్' దగ్గర నాలుక పంటి మీద ఆగుతుంది, మనిషి దారిలో ఆగినట్టే. తర్వాత గల-గల-గల అని అయిదు సమానమైన అడుగులతో నాలుగో పాదం మళ్లీ నడక మొదలుపెడుతుంది. సంధి చేస్తే ఆ ఆగడం పోయి, మనిషి నడుస్తూనే కాఫీ తాగేస్తాడు. నేను పొల్లు ఉంచాను. క్లాసులో ముగ్గురు మాత్రం సంధే బాగుందన్నారు. వాళ్లలో ఎదుగై అమ్మాయి కూడా ఉంది. వచ్చే ఆదివారం కారణం రాసుకొస్తానంది.